సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఉక్కునగరం చేరేలోపు

హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసులు మూడు నుంచి ఐదేళ్లకోసారి కంప్యూటర్లు మార్చేస్తుంటాయి. అలా దిగిపోయిన డెల్ ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ ప్రోడెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్లు టోకున చేతులు మారి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు చేరతాయి. దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి, కొత్త ఎస్ఎస్‌డీ వేసి వాటిని మళ్లీ అమ్ముతారు. మొదటి ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో మంచి యంత్రం దొరుకుతుంది. విశాఖ స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం క్వార్టర్లలో పాలిటెక్నిక్‌, బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్లకు, గాజువాక, కూర్మన్నపాలెం వైపు డీటీపీ పనో మీసేవ పనో చేసుకునేవాళ్లకు, ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేసే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న కంప్యూటరు కొందరికి ఒక నెల సంపాదన మొత్తం. అది పగిలి వస్తే ఆ పిల్లవాడి సెమిస్టరు చదువూ దానితోపాటే కుంటుపడుతుంది.

దెబ్బ తగిలేది దారిలోనే అయినా దాని తీవ్రత అంతకుముందే నిర్ణయమైపోతుంది. అమ్మేవాడు పెట్టె ఎలా కట్టాడు, ఏ కాగితం మీద ఏం రాశాడు, దారిలో నష్టమొస్తే ఎవరిదని మీరిద్దరూ ముందే అనుకున్నారా అన్నవే దాన్ని తేల్చేస్తాయి. డబ్బు చేతిలో ఉన్నంతవరకే ఈ మూడింటి మీద కొనేవాడి మాట చెల్లుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం డబ్బు కట్టకముందు చేయాల్సిన పని గురించే.

పాత కంప్యూటర్లు కొనడం మన దేశానికి కొత్త కాదు, నామోషీ అంతకంటే కాదు. 1960లలో ఐబీఎం సంస్థ విదేశాల్లో వాడి దించేసిన 1401 యంత్రాలను తెచ్చి, బొంబాయిలో బాగుచేసి, ఇక్కడి కంపెనీలకు అద్దెకిచ్చేది. పాతబడిన సరుకు మనకు అంటగడుతున్నారని పార్లమెంటు దాకా విమర్శలు వెళ్లాయి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు ఆ యంత్రాలను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఆ బాధ్యత 1975లో ప్రభుత్వం పెట్టిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద, అంటే తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడిన సీఎంసీ మీద పడింది. యంత్రం పాతదా కొత్తదా అన్నదాని కన్నా, అది పాడైతే జవాబు చెప్పేదెవరన్నదే పెద్ద ప్రశ్న అని ఆ రోజుల్లోనే తేలింది. ఇప్పటి చిన్న కొనుగోలులోనూ మనం అడగాల్సింది అదే.

ఇక దెబ్బ ఎలా తగులుతుందో చూద్దాం. సికింద్రాబాద్ నుంచి ఉక్కునగరానికి రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. పెట్టె అంత దూరం ఒకే లారీలో రాదు. అక్కడి కొరియర్ బ్రాంచిలో ఎక్కించి, పెద్ద గోదాములో దించి, వేరే బండిలో సర్ది, దారిలో విజయవాడలోనో మరోచోటో మళ్లీ దించి ఎక్కించి, విశాఖ గోదాములో దించి, చివరికి గాజువాక వైపు వచ్చే చిన్న వ్యానులో వేస్తారు. దించిన ప్రతిసారీ చెయ్యి జారే అవకాశముంది. లారీ కుదుపుల కంటే ఈ చేతుల మార్పిడిలోనే ప్రమాదం ఎక్కువ. ఆ చేతులు గంటకు వందల పెట్టెలు మోసే కూలీలవి. వాళ్లను తిట్టుకుని లాభం లేదు. పెట్టె పడుతుందనే అనుకుని కట్టించుకోవడం మన పని.

ప్యాకింగ్‌లను పరీక్షించేవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. ఇస్టా అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన ప్రాథమిక పరీక్షలో తొమ్మిదిన్నర కిలోల నుంచి పద్దెనిమిదిన్నర కిలోల మధ్య బరువున్న పెట్టెను సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు. ఒకసారి మూల మీద, మూడుసార్లు అంచుల మీద, ఆరుసార్లు ఆరు ముఖాల మీద. ప్యాకింగుతో కలిపి ఒక డెస్క్‌టాప్ సాధారణంగా ఈ బరువులోనే ఉంటుంది. అంటే మోకాలి పైఎత్తు నుంచి పదిసార్లు పడ్డా తట్టుకునేలా పెట్టె కట్టాలని ఆ రంగంలోవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు.

పడటం వల్ల ఏదీ పగలదు, ఆగడం వల్లే పగులుతుంది. కొద్దిపాటి లెక్కతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పడిన ఎత్తును, నేల తగిలాక వస్తువు పూర్తిగా ఆగేలోపు కదిలిన దూరంతో భాగిస్తే, భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల ఒత్తిడి దాని మీద పడిందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఇంజినీర్లు దీన్ని జీల్లో చెబుతారు. ఒకే పొర అట్టపెట్టెలో పెట్టిన ఇనప క్యాబినెట్ 60 సెంటీమీటర్ల నుంచి పడి, మూల రెండు మిల్లీమీటర్లు నొక్కుకుని ఆగిందనుకోండి. 600 మిల్లీమీటర్లను రెండుతో భాగిస్తే 300 జీ. అదే క్యాబినెట్ చుట్టూ మంచి ఫోము ఉండి, అది మూడు సెంటీమీటర్లు అణిగి ఆపితే 600ను 30తో భాగించాలి, అంటే 20 జీ. ఎత్తు మారలేదు, పడేసిన చెయ్యి మారలేదు. ఆగడానికి దొరికిన దూరం రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు పెరిగింది, దెబ్బ పదిహేనో వంతుకు తగ్గింది. ఇది సగటు లెక్క. ఒక్క క్షణంపాటు గరిష్ఠంగా పడే ఒత్తిడి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా నిష్పత్తి మాత్రం నిలుస్తుంది.

ఈ అంకెలను కంప్యూటరు లోపలికి తీసుకెళ్దాం. ప్రాసెసర్ మీద నిలబడే పెద్ద టవర్ కూలర్ ఒక్కోటి ముప్పావు కిలో నుంచి కిలోకు పైగా తూగుతుంది. 300 జీ దగ్గర కిలో కూలరు మూడు వందల కిలోల బరువుతో మదర్‌బోర్డును లాగుతుంది. అది నాలుగు స్క్రూల మీద వేలాడుతోంది. స్క్రూలు నిలిచినా బోర్డు వంగుతుంది. వంగినప్పుడు చిప్పుల కింద వరుసలుగా ఉండే ఆవగింజ కంటే చిన్న టంకం బొట్లలో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. అలాంటి యంత్రం మొదటిరోజు బాగానే నడవొచ్చు, వేడెక్కి చల్లారుతూ పది రోజులకు మొరాయించొచ్చు. అన్నిటికంటే బాధాకరమైన నష్టం ఇదే, ఎందుకంటే అప్పటికి రుజువు చేసే దారి దాదాపు మూసుకుపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు సంగతీ అంతే. క్యాబినెట్ నిలువుగా ఉన్నప్పుడు ఆ కార్డు ఒక చివర స్క్రూతో, అంచున స్లాటుతో పట్టుకుని గాల్లోకి చాచుకుని ఉంటుంది. కిలో బరువున్న కార్డు అలా ఊగితే స్లాటు చివర ప్లాస్టిక్ కొక్కెం విరుగుతుంది, స్లాటు పక్కన కార్డు బోర్డే చిట్లుతుంది. ఏఎండీ పాత ఏఎం4 ప్రాసెసర్లకు సన్నటి పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండి గట్టిపడిన థర్మల్ పేస్టు వల్ల కూలరు కదిలితే ప్రాసెసర్‌ కూడా సాకెట్లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. ఇంటెల్‌లో పిన్నులు సాకెట్లో ఉంటాయి కాబట్టి ప్రాసెసర్‌కు ఈ బెడద లేదు. పాత తరహా హార్డ్‌డిస్కులు ఆపి ఉన్నప్పుడు సాధారణంగా 250 నుంచి 350 జీ దాకా ఓర్చుకుంటాయని వాటి వివర పత్రాల్లో రాసి ఉంటుంది. పైన మనం లెక్కవేసిన ఒంటి అట్టపెట్టె దెబ్బ సరిగ్గా ఆ హద్దు మీద ఉంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు కాబట్టి దాని గురించి దిగులు అక్కర్లేదు. పక్క అద్దం ఉన్న గేమింగ్ క్యాబినెట్లలో ఆ అద్దం ఒక్క మూల దెబ్బకే గుళికలు గుళికలుగా రాలిపోయి ఫ్యాన్లలోకి, స్లాట్లలోకి దూరుతుంది.

అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ ముందు చెప్పే మాట ఒకటుంది: దూరం నుంచి తెప్పించేటట్లయితే ఆఫీసు నుంచి దిగిన చిన్న క్యాబినెట్ యంత్రాన్నే తీసుకోండి. ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ లాంటివి రెండు కిలోలలోపే ఉంటాయి. లోపల వేలాడే బరువేమీ ఉండదు. కాస్త పెద్దవైన స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్ యంత్రాలు కూడా గట్టివే. ఎవరో ఇంట్లో విడిభాగాలతో కట్టుకున్న గేమింగ్ టవర్ కావాలంటే దాన్ని విశాఖలోనే, ద్వారకానగర్ దుకాణాల్లోనో గాజువాకలోనో కళ్లారా చూసి, ఆన్ చేసి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవడం మేలు. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే నడుస్తుంది. అందువల్ల ఆరు, ఏడు తరాల యంత్రాలు ఇప్పుడు చవగ్గా కుప్పలుగా వస్తున్నాయి. లినక్స్ నడుపుకునేవాళ్లకు అవి మంచి బేరమే. పిల్లవాడి కాలేజీ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడిచేదైతే ఎనిమిదో తరానికి తగ్గొద్దు.

ప్యాకింగ్ గురించి అమ్మేవాణ్ని అడగడానికి మొహమాటపడొద్దు. గ్రాఫిక్స్ కార్డునూ పెద్ద కూలరునూ విప్పి, యాంటీస్టాటిక్ కవర్లలో వేసి, వేరే చిన్న పెట్టెలో పెట్టమనాలి. కూలరు మళ్లీ బిగించడం రాకపోతే గాజువాకలో ఏ కంప్యూటర్ మెకానిక్ అయినా పావుగంటలో పని ముగిస్తాడు, కొత్త థర్మల్ పేస్టు కూడా పడుతుంది. విప్పడం కుదరకపోతే లోపలి ఖాళీని ఫోముతో నింపి కార్డు ఊగకుండా చేయాలి. మామూలు ధర్మాకోల్ ముక్కలను నేరుగా బోర్డుకు తగిలేలా కుక్కకూడదు, స్థిరవిద్యుత్ పుడుతుంది. క్యాబినెట్‌ను ఒక అట్టపెట్టెలో, ఆ పెట్టెను దానికంటే పెద్దదైన ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టి, రెండింటి మధ్య ఆరువైపులా కనీసం ఐదు సెంటీమీటర్ల ఫోము ఉంచాలి. అడుగున వేసి పైన వదిలేస్తే లాభం లేదు. పాత వార్తాపత్రికల ఉండలు నూరు కిలోమీటర్లు పోయేసరికి అణిగిపోతాయి. ధర్మాకోల్ ఒక దెబ్బకు బాగా పనిచేస్తుంది, కానీ ఒకసారి నలిగితే తిరిగి లేవదు, రెండో దెబ్బకు ఆగే దూరం మిగలదు. కంపెనీ నుంచి వచ్చిన అసలు పెట్టె, దాని అచ్చు ఫోము దొరికితే అంతకు మించింది లేదు. అద్దం పక్కపలక ఉంటే విప్పి విడిగా పంపడమే దారి.

వానాకాలమైతే లోపల ప్లాస్టిక్ షీటు చుట్టమనండి. అట్టపెట్టె తడిస్తే దాని బలంలో చాలా భాగం పోతుంది. ‘ఫ్రాజైల్’ స్టిక్కరు అంటించినందువల్ల ఎవరి మీదా చట్టపరమైన బాధ్యత పడదు. అంటించండి, కానీ దాన్ని నమ్ముకుని ఫోము తగ్గించొద్దు. పెట్టె మూయకముందు లోపలి ఫోటోలు, సీరియల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగ్ కనిపించే ఫోటో, యంత్రం ఆన్ అయి ఉన్న చిన్న వీడియో పంపమనండి. ఆ నంబరు బిల్లు మీద కూడా రాయించుకోవాలి. పంపినప్పుడు బాగుందన్నదానికి ఇవే సాక్ష్యం. నిజాయితీగా అమ్మేవాడికి కూడా ఇవే రక్ష. ఈ నాలుగు అడిగితే విసుక్కునే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నష్టం ఎవరిదన్న ప్రశ్న. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఇక్కడ చాలామంది ఊహించని మాట చెబుతుంది. ఒప్పందంలో వేరేగా అనుకోకపోతే, అమ్మేవాడు సరుకును కొనేవాడికి చేర్చడానికి రవాణాదారుడి చేతికి ఇచ్చిన క్షణమే కొనేవాడికి అప్పగించినట్టు లెక్క. సరుకు మీద హక్కు ఎవరిదో నష్టభయం కూడా మామూలుగా వాళ్లదే. అంటే పెట్టె సికింద్రాబాద్ బ్రాంచిలో ఉండగానే నష్టభయం ఉక్కునగరంలో ఉన్న మీ నెత్తిన పడొచ్చు. అయితే అదే చట్టం 39వ సెక్షనులో కొనేవాడికి ఒక పట్టు ఇచ్చింది. సరుకు స్వభావాన్ని బట్టి రవాణాదారుడితో తగిన ఒప్పందం చేసుకోవాల్సింది అమ్మేవాడే. అది చేయకపోతే, దారిలో పాడైన సరుకు తనకు అందినట్టు ఒప్పుకోనని కొనేవాడు అనొచ్చు, లేదా నష్టపరిహారం అడగొచ్చు. ఈ వాదనలన్నిటికీ అవసరం లేకుండా చేసే వాక్యం ఒకటుంది. డబ్బు పంపే ముందు వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘పని చేసే స్థితిలో నా ఇంటికి చేరేవరకు బాధ్యత మీదే, దెబ్బతిని వస్తే డబ్బు పూర్తిగా వాపస్.’ అవతలివాళ్లు ‘సరే’ అని జవాబిచ్చాకే డబ్బు పంపండి. ‘ఒప్పందంలో వేరేగా’ అన్న మాటకు అప్పుడు అర్థం వస్తుంది.

రవాణా సంస్థ బాధ్యతకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ఉంది. అది 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చి, అంతవరకూ నడిచిన 1865 నాటి చట్టాన్ని తప్పించింది. కొరియర్ సంస్థలు కూడా దాని కిందికే వస్తాయి. దైవికమైన విపత్తు, యుద్ధం, అల్లర్లు వంటి కొన్ని కారణాలు తప్పిస్తే సరుకు పాడైనందుకు రవాణాదారుడిదే బాధ్యత, నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కర్లేదు. పటేల్ రోడ్‌వేస్, బిర్లా యమహా కేసులో 2000లో సుప్రీంకోర్టు వినియోగదారుల ఫోరాల్లో కూడా ఈ సూత్రమే వర్తిస్తుందని చెప్పింది. అదే ఏడు నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో, రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ఉన్నంత మాత్రాన రవాణాదారుడు తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేడని కూడా తేల్చింది. ఇంతవరకూ మనకు అనుకూలమే.

చిక్కంతా పరిహారం మొత్తంలో ఉంది. నిబంధనల ప్రకారం, ఎక్కువ బాధ్యతకు ఎక్కువ రేటు కట్టకపోతే రవాణాదారుడి బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు, అదీ రసీదులో చూపిన విలువ వరకే. పద్దెనిమిది వేల కంప్యూటరుకు ఆరు వందల కిరాయి కట్టి, వేరే ఏమీ రాయించకపోతే చేతికొచ్చేది గరిష్ఠంగా ఆరు వేలు. కిరాయి తగ్గుతుందనో, ప్రశ్నలు రావనో కొందరు అమ్మకందార్లు విలువ రెండు వేలని రాయిస్తారు. అప్పుడు మీ కంప్యూటరు విలువ ఆ కాగితం మీద రెండు వేలే. సంతకం పెట్టిన షరతులకు కోర్టులు విలువ ఇస్తాయి. భారతి నిట్టింగ్ కంపెనీ, డీహెచ్ఎల్ కేసులో 1996లో సుప్రీంకోర్టు, కొరియర్ రసీదులో బాధ్యత వంద డాలర్లని ఉంది కాబట్టి అంతకు మించి ఇప్పించలేమంది. అందువల్ల అసలు విలువ రాయించండి, ఆ పైన పడే రిస్కు ఛార్జీ మీరే కట్టండి. రవాణాదారుడి మీద దావా వేయాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, ఆ గడువు మరిచిపోవద్దు.

రవాణా బీమా చేయిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చేయించండి గానీ షరతులు చదవండి. ప్యాకింగ్ చాలకపోవడం వల్ల వచ్చిన నష్టం దేశీయ రవాణా బీమా షరతుల్లో మినహాయింపు. పైకి దెబ్బ కనపడకుండా లోపల ఎలక్ట్రానిక్ భాగం పనిచేయకపోతే చాలా పాలసీలు ఒప్పుకోవు. అంటే మంచి ప్యాకింగుకు బదులుగా బీమా పనికిరాదు. తపాలా శాఖ పార్శిల్ సంగతి వేరు. ప్రభుత్వం పైన చెప్పిన రవాణా చట్టం కిందికి రాదు, తపాలా చట్టం కూడా శాఖ బాధ్యతను బాగా పరిమితం చేస్తుంది. రైల్వే పార్శిల్‌గా పంపితే 1989 రైల్వే చట్టం వర్తిస్తుంది. పెట్టె దెబ్బతిని కనిపిస్తే విశాఖ పార్శిల్ ఆఫీసులో ‘ఓపెన్ డెలివరీ’ అడిగే హక్కు 81వ సెక్షను ఇచ్చింది. అధికారుల ఎదుట పెట్టె విప్పి నష్టం నమోదు చేస్తారు. ఆరు నెలల్లోపు క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి.

వీటన్నిటికంటే తేలికైన దారి హైదరాబాద్ వెళ్లొచ్చే బంధువు. చిన్న క్యాబినెట్‌ను దుప్పటిలో చుట్టి సామాను సంచిలో పెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద పడుకోబెడితే దువ్వాడ స్టేషన్ దాకా దాన్ని ఎవరూ ఎత్తి పడేయరు. పడుకోబెట్టేటప్పుడు మదర్‌బోర్డు అడుగువైపు ఉండాలి. అప్పుడు కార్డులు స్లాటులో నిటారుగా నిలబడతాయి.

పెట్టె కొరియర్‌లోనే వచ్చిందనుకుందాం. ఉక్కునగరం మూడు షిఫ్టుల ఊరు. డెలివరీ కుర్రాడు వచ్చే వేళకు ఇంటి పెద్ద ఏ షిఫ్టులోనో ఉండొచ్చు, లేదా రాత్రి సీ షిఫ్టు దిగి నిద్రలో ఉండొచ్చు. పక్క క్వార్టరువాళ్లు మంచి మనసుతో సంతకం పెట్టి తీసుకుంటారు, మనం ఫోనులోనే ఓటీపీ చెప్పేస్తాం. ‘మంచి స్థితిలో అందింది’ అన్న రికార్డు అక్కడే పుట్టేస్తుంది. ఫలానా రోజు వస్తుందని తెలిస్తే ఇంట్లో అమ్మకో తమ్ముడికో ముందే చెప్పి ఉంచాలి: పెట్టె ఆరువైపులా చూడాలి, మూలలు నలిగాయా, టేపు మీద టేపు వేశారా, తడి మరకలున్నాయా, కదిపితే లోపల ఏదైనా దొర్లుతోందా. అన్నీ ఫోటో తీశాకే ఓటీపీ. తేడా కనిపిస్తే డెలివరీ షీటు మీద ‘పెట్టె దెబ్బతిని అందింది’ అని రాసి సంతకం పెట్టాలి. ఫోనులోనే సంతకమైతే ఆ మాట అక్కడికక్కడే డెలివరీ మనిషికి, అమ్మినవాడికి మెసేజ్ చేయాలి. మరీ చితికిపోయి ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపేయొచ్చు. ఆ కుర్రాడు రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి, పెట్టె అతను పగలగొట్టలేదు. మర్యాదగా రెండు నిమిషాలు ఆగమంటే ఆగుతాడు.

విప్పేటప్పుడు ఒకరు విప్పుతుంటే మరొకరు ఆపకుండా వీడియో తీయాలి. చిరునామా చీటీతో మొదలుపెట్టి, టేపు కోయడం, ఫోము తీయడం, సీరియల్ నంబరు చూపడం, పక్క పలక తెరిచి లోపల చూపడం దాకా ఒకే ముక్కగా ఉండాలి. ఆ అసలు ఫైలు చెరపొద్దు. వాట్సాప్‌లో పంపిన కాపీ నాణ్యత తగ్గిపోతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. పెట్టెనూ ఫోమునూ కూడా పారేయొద్దు. చూడ్డానికి వచ్చే సర్వేయరు మొదట అడిగేది అవే.

పవర్ బటన్ నొక్కాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, ముఖ్యంగా పిల్లలకు. అదే ఆపాలి. ఆరు వందల కిలోమీటర్ల కుదుపులకు ఒక స్క్రూ ఊడి మదర్‌బోర్డు మీద పడి ఉండొచ్చు. కరెంటు ఇచ్చిన క్షణంలో అది బోర్డును కాల్చేస్తుంది. అప్పుడు రవాణా నష్టం కాస్తా మీరు చేసిన నష్టం అవుతుంది. వానలో తడుస్తూ వచ్చిన పెట్టె అయితే పలక తెరిచి ఒక పూట ఆరనివ్వాలి. సముద్రం ఒడ్డున మనకు గాలిలో తేమ ఎక్కువ. అమెరికా నుంచి బంధువులెవరైనా పంపిన పాత యంత్రమైతే పవర్ సప్లై వెనుక 115, 230 మార్చే చిన్న మీట ఉందేమో చూడాలి. 115 దగ్గర ఉండగా మన కరెంటు ఇస్తే పవర్ సప్లై పేలిపోతుంది.

లోపల కూలరు కదులుతోందా, కార్డు స్లాటులో వంకరగా ఉందా, ర్యామ్ పక్క క్లిప్పులు విడిపోయాయా అని చూడాలి. ర్యామ్ పుల్లలు తీసి మళ్లీ గట్టిగా నొక్కితే ప్రాణం పోసుకునే యంత్రాలు ఎన్నో. పోయిందని ఏడ్చి, మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే రెండు నిమిషాల్లో లేచి కూర్చుంటాయి. అయితే ముట్టుకునే ముందు ఎలా ఉందో ఫోటో తీయాలి. స్క్రీను వచ్చాక ఒక గంటసేపు గట్టిగా పని చెప్పాలి, పెద్ద వీడియో మార్చడమో మెమరీ పరీక్షో పెట్టాలి. హార్డ్‌డిస్కు ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాధనంతో దాని ఆరోగ్య నివేదిక చూడాలి. అందులో 05, సీ5 అన్న వరుసల్లో ‘రా వాల్యూస్’ కింద సున్నా కాకుండా అంకె కనిపిస్తే డిస్కు దెబ్బతిన్నట్టే, దాని మీద చదువు దాచుకోకూడదు. టంకం పగుళ్ల లాంటి ఆలస్యపు జబ్బులు బయటపడాలంటే మొదటి వారం రోజూ కొన్ని గంటలు నడపాలి. అందుకే అమ్మేవాడి దగ్గర కనీసం పదిహేను రోజుల వారంటీ మాట తీసుకోమంటాను.

దెబ్బ తేలితే అదే రోజు అమ్మినవాడికి రాతలో చెప్పాలి. మనకు ఒప్పందం అతనితో, అతనికి కొరియర్‌తో. ‘కొరియర్‌ను అడుగు’ అని అతను తప్పుకుంటే ఒప్పుకోనక్కర్లేదు. ఆన్‌లైన్ వేదికలో కొన్నదైతే 2020 ఇ-కామర్స్ నిబంధనలు మనవైపే ఉన్నాయి. వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లోపమున్న సరుకునూ, చెప్పినట్టు లేని సరుకునూ వెనక్కి తీసుకోననడానికి అమ్మకందారుకు వీల్లేదు. పాత వస్తువు అన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం నివసించే చోటే కేసు వేయొచ్చు. హైదరాబాద్ తిరగనక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు, గడువు రెండేళ్లు. డీటీపీ సెంటరు పెట్టుకుని సొంత కష్టంతో బతికేవాడు కొన్నా వినియోగదారుడే. వ్యాపారి కాకుండా ఎవరో ఇంట్లో వాడిన కంప్యూటరు అమ్మితే మాత్రం ఈ దారి కష్టం. అక్కడ మిగిలేది సివిల్ కోర్టు, లేదా ముందే రాయించుకున్న ఆ వాట్సాప్ వాక్యం.

అన్నిసార్లూ వెనక్కి పంపడమే మంచిదని కూడా అనను. వెనక్కి పంపితే అదే ఆరు వందల కిలోమీటర్లు, అవే చేతులు. క్యాబినెట్ మూల నలిగి లోపల అంతా బాగుంటే వెయ్యి, పదిహేను వందలు తగ్గించుకుని ఉంచుకోవచ్చు. హార్డ్‌డిస్కు ఒక్కటే పోతే ఎస్ఎస్‌డీ ధర రాబట్టుకుని ఇక్కడే వేయించుకుంటే యంత్రం మునుపటికంటే చురుగ్గా నడుస్తుంది. పవర్ సప్లై కూడా అంతే, మార్చేస్తే సరి. మదర్‌బోర్డు వంగినా, స్లాటు చిట్లినా, నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్నా రాజీపడొద్దు. ఎంత తగ్గించినా అది చవక కాదు. తగ్గింపుకు ఒప్పుకునేటప్పుడు ‘కనిపించిన ఈ నష్టానికి మాత్రమే’ అని రాయండి. వారం తర్వాత బయటపడే దానికి తలుపు తెరిచి ఉంచినట్టవుతుంది. డబ్బు ఖాతాలో పడేదాకా పాత భాగాలను మెకానిక్ దగ్గర వదిలిరావొద్దు.